మూడో చెయ్యి ఎవరిది

సంత్రాగాఛి,
ఫిబ్రవరి 9.

మహారాజశ్రీ కోదండం మావయ్య గారి దివ్యసముఖానికి మేనల్లుడు పోలిరాజు సాష్టాంగపడి విన్నవించుకునేది.

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంలోనూ, దీని వెనకాల రాబోయే ఉత్తరాలన్నిటిలోనూ నేను చేయబోయే సమస్త అపరాధాలకు గాను మీకూ, మీ ఎడమ పాదానికీ, ఆ పాదం కిందుండే పెడల్‌కీ, ఇరవయ్యారేళ్లుగా మిమ్మల్ని మోసిన మూడుకాళ్ల స్టూలుకీ విడివిడిగా క్షమాపణలు చెప్పుకుంటున్నాను. ఇంత పెద్ద క్షమాపణ చూసి కంగారు పడకండి. నేనేమీ చేయలేదు కాబట్టే ఇంత ధారాళంగా చెప్పగలుగుతున్నాను. నిజంగా ఏదైనా చేసినవాడు ‘సారీ’ అని గొణిగి తప్పుకుంటాడు.

ఫోను చేస్తే మీరు, “ఫోన్లో నువ్వు నవ్వీస్తావురా, నిజమేదో అబద్దమేదో తెల్దు. కాగితం మీద రాయి, రేపు సూపించి అడగొచ్చు” అని పెట్టేశారు. బి.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి ఠావు కాగితాలు కొనుక్కునే స్థితికి తెచ్చారు. సరే. ఉత్తరాలు మోసే భారం మీ అమ్మాయి అశ్వినిది. తన ఆఫీసూ, నేను సౌండు పని చేసే స్టూడియో సెక్టర్ ఫైవ్‌లో ఎదురెదురు సందుల్లోనే కదా.

ఇక విషయం. ఆదివారం మన బస్తీ పండగ కమిటీ కూర్చుంది. మీరు రిహార్సల్ రోజున వ్యాను మీంచి జారడం, కుడికాలు రెండు చోట్ల విరగడం, తొడ దాకా పిండికట్టు వేసి మే నెల వరకూ ఆ కాలు మోపకూడదనడం, వీటిని తీవ్ర విచారంతో నమోదు చేసుకుంది. ఆ సిరా ఆరకముందే నాలుగో తీర్మానం రాసుకుంది. ఏప్రిల్‌లో జరిగే పోలమ్మ తల్లి ఘటాల ఊరేగింపులో ఈ ఏడు డ్రమ్స్ మీ బదులు కంప్యూటరు వాయిస్తుంది. దాన్ని నడిపేవాడు పోలిరాజు.

మావయ్యా, నేనేమీ చేయలేదు. తీర్మానం నన్ను చేసింది.

నా దగ్గరున్న సాఫ్ట్‌వేరు సంగతి చెబుతాను. ఎక్కడో ఒక మహానుభావుడు గాజుగదిలో కూర్చుని ప్రతి డ్రమ్మునీ మెల్లగా, గట్టిగా, కోపంగా, విసుగ్గా వందల సార్లు కొట్టి రికార్డు చేసిపెట్టాడు. నేను తెర మీద గళ్లలో చుక్కలు పెడితే, ఆయన కొట్టిన దెబ్బలు ఆ వరసలో మోగుతాయి. పెద్ద డ్రమ్ము బాగా వచ్చింది. దాని పక్కనుండే చిన్న డ్రమ్ము, స్నేరు, బాగా వచ్చింది. హైహాట్ దగ్గర మాత్రం కంప్యూటరు చచ్చిపోయింది. ఉన్నవి రెండు కంచు పళ్లేలు, ఒకదాని మీద ఒకటి, కింద పెడల్. తొక్కితే మూసుకుంటాయి, వదిలితే తెరుచుకుంటాయి. అంత చిన్న వస్తువులో ప్రాణం ఎక్కడ దాచారో మీకు తప్ప ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. పాట అశ్విని ఫోనులో పంపాను. విని, దయతలచి, పాఠం చెప్పగలరు.

తమ విధేయుడు,
పోలిరాజు


మెటియాబ్రుజ్,
ఫిబ్రవరి 12.

ఒరే పోలీ,

ఉత్తరం అందింది. రెండుసార్లు సదివినాను. నేనేమీ చేయలేదు అని నువ్వు రెండుసార్లు రాసినావు. ఏటీ సెయ్యనోడు ఒక్కసారి కూడా రాయడు.

ముందు ఇది సెప్పు. కమిటీలో కంప్యూటరు అన్న మాట ఎవుడి నోటంట ముందు వచ్చింది? ప్రెసిడెంటు ఎంకటేశు బుర్రలోంచి అది రాదు. ఆడు టీవీ రిమోట్లో బేటరీ తిరగేసి ఎడతాడు. పేరు రాయి.

పాట ఇన్నాను. అశ్విని సెవులకి ఆ డిప్పలు తగిలించింది. మా కింద అంతస్తు నీకు తెలుసు, దర్జీ మిషన్లు పొద్దున్నించీ జీన్సు ప్యాంట్లు కుడతానే ఉంటాయి. ఆ మోత లోపలికి వచ్చీసిందనుకుని కిటికీ మూయమన్నాను. మూసినా అలాగే ఉంది. అప్పుడు తెలిసింది అది నీ హైహాట్ అని.

నువ్వు అన్ని దెబ్బలూ ఒకే బలంతో ఎట్టినావు. మనిసి సెయ్యి అలాగ కొట్టదు. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. గట్టి దెబ్బ కర్ర మెడతోటి, పళ్లెం అంచు మీద. మెత్త దెబ్బ కర్ర మొనతోటి, పళ్లెం పైన. నడక సెప్పుల్లాగ. ఒక సెప్పు కొత్తది, ఒక సెప్పు అరిగిపోనాది. అలాగ ఎట్టుకో.

పాఠం సెప్తాను. ఎందుకు సెప్తన్నానో అడక్కు.

కోదండం


సంత్రాగాఛి,
ఫిబ్రవరి 16.

చెప్పుల సిద్ధాంతకర్త మావయ్య గారికి,

మీ ఉత్తరం తెర పక్కన అంటించుకుని పనిచేశాను. సాఫ్ట్‌వేరులో దెబ్బ బలానికి ఒకటి నుంచి నూట ఇరవై ఏడు దాకా అంకెలున్నాయి. మెడ దెబ్బకి నూటపది, మొన దెబ్బకి డెబ్బై ఇచ్చాను. మొనకీ మెడకీ వేరువేరు ధ్వనులు కూడా ఆ మహానుభావుడు రికార్డు చేసే ఉంచాడు, ఇన్నాళ్లూ నేనే తలుపు తియ్యలేదు. వింటే మిషను ఆగి మనిషి లేచాడు. ఇంకా మనిషిని చేద్దామని దెబ్బల వేళని యంత్రం చేతే అటూ ఇటూ జరిపించాను. ఆ మనిషి తాగి వచ్చాడు. అన్ని దెబ్బలూ ఇష్టానికి జరపకూడదని, మెత్త దెబ్బ మాత్రమే రవ్వంత ఆలస్యంగా వస్తుందని పోయినేటి ఊరేగింపు వీడియోలో మిమ్మల్ని విని కనిపెట్టాను. ఇప్పుడు మత్తు దిగింది.

మీరడిగిన పేరు విషయం. ఆ రోజు మీటింగులో అందరూ ఒకేసారి మాట్లాడారు. మినిట్స్ పుస్తకంలో ‘సభ్యులొకరు సూచించగా’ అని మాత్రమే ఉంది. అంతకుమించి చరిత్రకు తెలియదు.

ఇప్పుడు నా అనుమానం. చిన్నప్పుడు మీరు నాకు సైకిలు నేర్పడానికి రెండేళ్లు పట్టింది. బ్రేకు ఎక్కడుందో చివరి వారం చెప్పారు. మీ పాటల నోటుబుక్కు మీద అక్షరాలు దిద్దించి, ఆ పుస్తకాన్ని మాత్రం ఇంటికి తీసుకెళ్లనివ్వలేదు. అటువంటి మీరు ఇరవయ్యారేళ్ల విద్యని ఒక్క కాగితం మీద, అడగ్గానే, ఉచితంగా ఇచ్చేశారు. సంతోషించాలో, కాగితాన్ని వెలుతురుకి పట్టి చూడాలో తెలియడం లేదు.

అయినా అడుగుతాను. పాట మలుపు దగ్గర మీరు హైహాట్ తెరిచి ఏదో చేస్తారు, ఒళ్లు జలదరిస్తుంది. అది ఏమిటి?

భయభక్తులతో (ఎక్కువ భయం),
పోలిరాజు


మెటియాబ్రుజ్,
ఫిబ్రవరి 24.

పోలీ,

సభ్యులొకరా. ఆ సభ్యుడికి పేరు నేదా, అమ్మా బాబూ నేరా?

సైకిలు బ్రేకు సంగతి తవ్వకు. నువ్వు మొదటి రోజే బ్రేకు ఏస్తే సైకిలు నేర్సుకోవు, బ్రేకు నేర్సుకుంటావు.

మలుపు అడిగినావు. రాసుకో. కుడిసేత్తో హైహాట్ తెరిసి గట్టిగా కొట్టు. అదే సమయానికి స్నేరు మీద రెండు కర్రల రోలు, తెరిపి నేకుండా గడగడా, నడతా ఉండాల. పైన క్రాషు పళ్లెం కూడా పడాల. తెరిసిన మోత సివర దాకా మోగనీ, ఆపకు. అది మోగతా ఉండగానే దాని మీద మూసిన దెబ్బలు ఏసుకుంటా పో. ఇంతే.

ఇంకో మాట. అశ్విని నీకు ఉత్తరం ఇచ్చి రావడానికి పది నిమిషాలు సాలు. గంట పడతంది ఏటి? అడిగితే “టీ నాన్నా” అంటాది. గంటసేపు ఏ టీ కాగతాది?

మరొకటి. ఖరగ్‌పూర్ ఇమ్మానుయేలు, ఆ డ్రమ్ములోడు, మన బస్తీలో తిరగతన్నాడని విన్నాను. ఆడికి ఇక్కడేటి పని? నిజం రాయి. కంప్యూటరు అని నాకు సెప్పి, ఆడిని కూసోబెడతన్నారా?

కోదండం


సంత్రాగాఛి,
మార్చి 3.

విచారణ నివేదిక.
సమర్పించువాడు: పోలిరాజు. ముద్దాయి: అదే కుటుంబంలోని పెద్దలొకరు.

మావయ్యా, మీరు చెప్పినది చెప్పినట్టు చుక్కలు పెట్టాను. హైహాట్ మీద కుడిచెయ్యి. స్నేరు రోలుకి రెండు కర్రలు. క్రాషుకి మరొకటి. అన్నీ పెట్టి, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. అనుమానం వచ్చి మా స్టూడియోలో అందరూ దాదా అనే పెద్దాయనని పిలిచి ఆయన చేతులు కూడా కలిపి లెక్కపెట్టాను. మీ మలుపు వాయించడానికి నాలుగు చేతులు కావాలి. పోనీ మీ గౌరవార్థం రోలుని ఒంటిచేత్తో చేయిస్తాననుకుంటే మూడు. ఆ మూడో చెయ్యి ఎవరిది మావయ్యా?

తర్వాత తెరిచిన మోత. మూసిన దెబ్బ పడగానే తెరిచిన మోత తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు సాఫ్ట్‌వేరులో ఉంది. పళ్లేలు ఒకటే జత కాబట్టి, మూస్తే మోత తెగాలని దానికి తెలుసు. ఎవరో తెలియని దేశంలో రాసిన సాఫ్ట్‌వేరుకి తెలుసు. నేను మాత్రం ‘మావయ్య చెప్పాడు’ అని ఆ ఏర్పాటుని పీకేశాను. ఒకే జత పళ్లేలు ఒకే క్షణంలో తెరుచుకునీ మూసుకునీ ఉండగా పాట మోగింది. దాదా విని, బెంగాలీలో “ఎ కీ రే, దుటో డ్రమ్మర్ మారామారి కొర్ఛే” అన్నాడు. ఇద్దరు డ్రమ్మర్లు కొట్టుకుంటున్నారట.

అప్పుడు పోయినేటి వీడియో మళ్లీ పెట్టాను. ఈసారి వినలేదు, చూశాను. మలుపు దగ్గర మీరు రోలు వాయించరు. హైహాట్ మీంచి క్రాషుకి చెయ్యి వెళ్లిన ప్రతిసారీ హైహాట్ మీద ఒక దెబ్బ ఖాళీ. చెయ్యి ఒక్కటే కదా, ఖాళీ ఉండాలి. పెడల్ రవ్వంత వదిలి, పళ్లేలు బుసకొట్టగానే తొక్కేస్తారు. ఇంకో సంగతి కూడా చూశాను. చేతులు ఎక్కడున్నా మీ ఎడమ మడమ ఆగదు. లేస్తూ పడుతూ, లేస్తూ పడుతూ, చిక్, చిక్. ఈ ఊసు మీ రెండు పాఠాల్లోనూ లేదు.

అంటే మొదటి పాఠం నిజం, నన్ను నమ్మించడానికి. రెండోది దొంగది, నన్ను ముంచడానికి. అబ్బే, నాకు కోపం లేదు. ఇంత పకడ్బందీ పని చూసి గర్వంగా ఉంది.

ఇమ్మానుయేలు మేనత్త మన బస్తీలోనే ఉంటుంది. అతను టీ తాగి వెళ్లాడు. గంటసేపు కాగే టీ విషయం మీ అమ్మాయినే అడగండి, నేను చిన్నవాణ్ణి.

ఒక్క ప్రశ్న, నవ్వకుండా అడుగుతున్నాను. ఈ పని నేను చేయకూడదని మీకుందా?

పోలిరాజు


మెటియాబ్రుజ్,
మార్చి 9.

పోలీ,

అవును. దొంగ పాఠమే సెప్పినాను. పట్టుకుంటావో నేదో సూద్దామని కొంత. పట్టుకోకపోతే ఊరేగింపులో అందరూ నవ్వుతారు, వచ్చే ఏడు నన్నే పిలుస్తారు అని కొంత. నా సేత్తో రాసినాను, కాగితం నీ దగ్గరుంది, ఎవుడికైనా సూపించుకో.

ఏం సెయ్యమంటావు. కార్పొరేషన్‌లో ముప్పయ్యేళ్లు వీధులు ఊడ్సినాను. ఏ వీధీ ఇది కోదండం ఊడ్సినాడని గుర్తెట్టుకోదు. ఆ ఒక్క రోజు, ఆ వ్యాను మీద కూసుంటే, బస్తీ అంతా నా కాలు సప్పుడు ఇంటాది. ఈ ఏడు కంప్యూటరు బాగా కొడితే వచ్చే ఏడు నా కాలు బాగైనా నన్ను పిలవరు. దానికి టీ అక్కర్నేదు, స్టూలు అక్కర్నేదు. నాకు తెల్దా.

నువ్వు మడమ సూసినావు గనక సెప్తాను. కాసులమ్మ ఉంది కదా, అమ్మోరి ఘటం ఎత్తేది. డప్పు మీద అడుగెయ్యదు ఆమె. డప్పులోళ్లు ఊపొస్తే పరిగెడతారు. ఆమెకి కంటి సూపు మసకయిపోయి పదేళ్లు అయిపోనాది, బస్తీలో ఎవులికీ సెప్పనేదు. నాకూ సెప్పనేదు. నడక సూసి నానే పోల్సుకున్నాను. నెత్తి మీద ఘటం, ఘటంలో దీపం, రెండు సేతులూ పైన. కింద రోడ్డు కనపడదు. నా ఎడం కాలు చిక్ అంటే అడుగేస్తాది. మురుగు కాలవ పలక దగ్గర నాను కాలు ఆలస్యంగా తొక్కుతాను, ఆమె అడుగు ఆలస్యంగా ఏస్తాది. ఎత్తు దగ్గర గట్టిగా తొక్కుతాను, ఆమె కాలు ఎత్తి ఏస్తాది. ఇద్దరం ఒక్కనాడూ దీని గురించి మాట్లాడుకోనేదు.

నాను ఆమె పాదాలు సూసి తొక్కుతాను. నీ కంప్యూటరు ఎవుడి పాదాలు సూస్తాది?

ఇది కూడా సెప్పీసినాను. ఇప్పుడు నువ్వు దీన్ని కూడా అంకెల్లో ఎట్టీస్తావని తెలుసు. ఎట్టుకో. ఘటం పడకుండా ఉంటే సాలు.

కోదండం


సంత్రాగాఛి,
మార్చి 20.

మావయ్యా,

పెట్టాను. మీ మడమ మొత్తం పెట్టాను. పెడల్ ఎంత తెరుచుకుందో, ఎంత మూసుకుందో గీత గీసి చెప్పే వీలు ఉంది. మీ వీడియో పక్కన పెట్టుకుని ఆ గీతని మీ మడమలాగే గీశాను. చరణంలో బిగువు, పల్లవి దగ్గరపడేకొద్దీ రవ్వ రవ్వ సడలింపు, మలుపులో బుస, వెంటనే కోత. చెయ్యి క్రాషుకి వెళ్లినప్పుడు ఖాళీ, ఆ ఖాళీలో కాలి చిక్. మూడో చెయ్యి పోయింది. రెండు చేతులు, రెండు కాళ్లు, ఒక మనిషి. వింటే మీరే.

నిన్న ఆదివారం పొద్దున రిహార్సల్. వ్యాను మీద స్పీకర్లు, క్లారినెట్టూ కీబోర్డూ వాళ్లు కూడా వచ్చారు. కాసులమ్మ నీళ్లు నింపిన ఇత్తడి బిందె నెత్తికెత్తుకుంది. పాట మొదలైంది. ఆమె నడిచింది. నాలుగిళ్ల దాకా నడిచింది. కమిటీ ముఖాలు వెలిగిపోయాయి. కాలవ పలక దగ్గర ఆమె పాదం గాల్లో ఆగింది, చిక్ కోసం. చిక్ అప్పటికే వెళ్లిపోయింది. తర్వాతిదీ వెళ్లిపోయింది. బిందె ఒక్కసారి ఊగి, నీళ్లు ఆమె భుజం మీద పడ్డాయి. బిందె దింపేసి స్పీకరు వైపు తల తిప్పింది.

“ఎవుర్రా ఆ కొట్టేది?”

“కంప్యూటరు, అవ్వా” అన్నాను.

“కోదండంలాగే కొడతంది. కోదండం కాదు. ఆడు నాకోసం ఆగుతాడు.”

అప్పుడు వెంకటేశు గారు ముందుకొచ్చి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “పెద్దదానివయిపోనావు కాసులమ్మా. ఈ ఏడు ఘటం సిన్న వయసు మనిసెవలైనా ఎత్తుతారు. కంప్యూటరుతో సమానంగా నడిసేవోళ్లు గావాల.”

ఆమె తడిసిన భుజం కొంగుతో తుడుచుకుంది.

ఇక్కడ నేనొక జోకు వేయాలి. ఎప్పుడూ వేస్తాను. అందరూ నా వంక చూశారు కూడా. రాలేదు మావయ్యా. మినిట్స్‌లో అది కూడా నమోదు చేయాలి.

పోలి


మెటియాబ్రుజ్,
మార్చి 29.

పోలిరాజు గారికి,

గారు అనే రాస్తన్నాను. నువ్విప్పుడు కమిటీ మనిసివి.

తొమ్మిది రోజులుగా నీ ఉత్తరం నేదు. ఇదివరకు వద్దన్నా రాసేవోడివి. ఈ తొమ్మిది రోజుల్లో నాను మూడో అంతస్తులో కూసుని పోగేసినవి ఇవి.

అశ్విని మొన్న దర్జీల దగ్గర టేపు తెచ్చి, నాను నిద్దరోతన్నాననుకుని నా పిండికట్టు కొలిసింది. మడమ నుంచి తొడ దాకా. ఏదో రాసుకుంది. నాను కళ్లు మూసుకునే ఉన్నాను. “ఏటే అది” అంటే “ఏం లేదు నాన్నా, వాపు” అంది. వాపు టేపుతో కొలుస్తారా? నా కాలుకి పేంటు కుట్టిస్తన్నారా?

రెండోది. వ్యాను మీద కుర్సీ బిగిస్తన్నారని కింద దర్జీ సెప్పినాడు. కంప్యూటరుకి కుర్సీ ఎందుకు? అది ఎక్కడ కూసుంటాది?

మూడోది. ఆ కుర్సీ పక్కన పానా పట్టుకుని నట్టులు బిగించింది ఇమ్మానుయేలు. టీ తాగి వెళ్లాడన్నావు. పానాతో తాగినాడా?

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. నిన్న అశ్విని ఫోన్లో కొత్త పాట ఇన్నాను. పెద్ద డ్రమ్ము ఉంది, స్నేరు ఉంది. హైహాట్ నేదు. మొదటి నుంచి సివరి దాకా నేదు. అంత బాగా నేర్పించుకుని, నా మడమ కూడా పట్టుకుపోయి, ఇప్పుడు నేదంటే అర్థమేటి? ఆ సోటు ఎవుడికో ఒగ్గినారు. కుర్సీ ఉంది, ఇమ్మానుయేలు ఉన్నాడు, హైహాట్ నేదు. ఇది కూడికలు రానోడికి కూడా తెలుస్తాది.

ఆడు మంచి డ్రమ్మరే, కాదనను. కాసులమ్మ కంటి సంగతి మాత్రం ఆడికి సెప్పు. నా మీద కోపంతో సెప్పకుండా ఉండకు.

కుర్సీలో కూసునేవోడి పేరు కాగితం మీద రాయి. ఇదే ఆఖరి ఉత్తరం.

కోదండం


సంత్రాగాఛి,
ఏప్రిల్ 3.

మావయ్యా,

మీ నాలుగు అభియోగాలూ నిజమే. ఒక్కొక్కటే ఒప్పుకుంటాను, కానీ ఎవరు చేసింది వాళ్ల ఖాతాలో వేసి.

టేపు అశ్వినిది. ఆ కొలత కమిటీ అడిగింది. కుర్చీ వెంకటేశు గారిది. కుర్చీకి ముందు ఒక పలక ఉంది, చాపిన కాలు పెట్టుకోవడానికి. దాని పొడవు మీ కొలతకి రెండంగుళాలు ఎక్కువ, దాని మీద దూదిపరుపు. ఇమ్మానుయేలు బిగించింది ఆ పలక, దాని ఎడమ పక్కన ఒక హైహాట్ స్టాండు. వ్యాను ఊగినా స్టాండు ఒరగకుండా బిగించడం ఈ చుట్టుపక్కల తెలిసినవాడు అతనొక్కడే. తన పళ్లేలు ఇవ్వబోయాడు. “వద్దు, ఆయనవి ఆయనకున్నాయి” అని నేనన్నాను. “తెలుసు, ఆయన వేరేవాటి మీద వాయించడు, చిన్నప్పుడు నన్ను వాటిని ముట్టుకోనివ్వలేదు” అన్నాడు. ఈ సంగతి మీరెప్పుడూ చెప్పలేదు.

పెడల్‌కి ఒక చిన్న మైకు కట్టింది మా స్టూడియో దాదా. దాని వైరు కంప్యూటరుకి వెళుతుంది. ఇకనుంచి కంప్యూటరు తన లెక్కన నడవదు, ఆ పెడల్ విని నడుస్తుంది. కాలు ఆలస్యం చేస్తే పెద్ద డ్రమ్మూ స్నేరూ ఆగి ఎదురుచూస్తాయి. మంగళవారం కాసులమ్మని పిలిచి, నా కాలితో తొక్కి చూపించాను. ఆమె మూడడుగులు వేసి, “నీ కాలు దండగ, గాని ఆగుతాంది” అంది. ఘటం ఆమే ఎత్తుతుంది. కమిటీ అయిదో తీర్మానం.

డాక్టరు కుడికాలు మోపవద్దన్నాడు. ఎడమకాలి గురించి ఒక్క మాట కూడా అనలేదని అశ్విని ఆయన చేత కాగితం మీద రాయించుకుని వచ్చింది. మీ అమ్మాయే కదా. ఏప్రిల్ రెండో ఆదివారం పొద్దున ఏడింటికి నలుగురం మూడో అంతస్తుకి వస్తాం. కుర్చీ నట్టులు విప్పుకుని అక్కడికే వస్తుంది, మీరు మెట్లు దిగక్కర్లేదు, కుర్చీ దిగుతుంది. ఆ నలుగురిలో వెంకటేశు గారు కూడా ఉన్నారు. ఈ ఏర్పాటు అంతా ఆయన బుర్రలోనే పుట్టిందని ఆయన నమ్ముతున్నారు. హైహాట్ లేని పాట కమిటీకి వినిపించినప్పుడు, “ఒక కాలికే సెప్పేసుకుని నడిసినట్టుందిరా” అన్నారు. తన కాళ్లకున్న చెప్పుల వంక చూసుకుని, “కోదండం ఎడం కాలు బాగానే ఉంది కదా” అన్నారు. నేను ఆశ్చర్యపోయాను. అంత ఆశ్చర్యం నటించడం చాలా కష్టం.

ఇక మీరు ఫిబ్రవరి నుంచి అడుగుతున్న పేరు. కంప్యూటరు అన్న మాట ముందు నా నోటంట వచ్చింది. అందరూ విచారంగా కూర్చుంటే నవ్విద్దామని, “పోనీ కంప్యూటరుని కూచోబెడదాం, దానికి విరగడానికి కాలు లేదు” అన్నాను. ఎవరూ నవ్వలేదు. వెంకటేశు గారు, “రాయండి” అన్నారు. నా జోకు తీర్మానం నంబరు నాలుగైంది. కానీ అది నోరు చేసిన పని. ‘చేసినదాని’ కిందికి రాదు.

చేత్తో నేను చేసింది ఒక్కటే. కమిటీకి ‘హైహాట్ ఫైలు పాడైపోయింది, పండగలోగా తిరిగి రాదు’ అని చెప్పాను. పాడవలేదు. మార్చి ఇరవయ్యొకటిన పొద్దున స్టూడియోకి అందరికన్నా ముందు వెళ్లి, ఆరు వారాలు మీ దగ్గర నేర్చుకుని ఒక్కొక్క చుక్కే పేర్చిన హైహాట్‌ని, మొన దెబ్బలు, మెడ దెబ్బలు, మలుపులో బుస, మీ మడమ గీత, అన్నీ కలిపి ఒకసారి చివరిదాకా విని, మొత్తం తుడిచేశాను. కాపీ కూడా ఉంచుకోలేదు.

సారీ.

పోలి